సౌండు పోయిన ఆదివారం

మే నెల చివరి ఆదివారం, సాయంత్రం ఆరు గంటల ఇరవై నిమిషాలు. నోటికి రాని మాటను కంటితో చూసి పైకి చదవడం నా జన్మలో మొదటిసారి జరిగింది ఆ రోజు, ఆ గంటకు. సంవత్సరం అడిగితే చెప్పలేను. మా ఇంట్లో పుట్టిన తేదీలే ఎవరూ రాసిపెట్టలేదు, రాయడం వచ్చినవాళ్ళు ఉంటే కదా. మద్రాసుకు టీవీ వచ్చి రెండు మూడేళ్ళయిందని, నాకు పన్నెండు నిండాయని మాత్రం తెలుసు. గంట అంత కచ్చితంగా ఎలా చెబుతున్నావంటే, ఆ టీవీ పెట్టె మీద ఒక టైంపీసు ఉండేది, దాని ముళ్ళు ఎక్కడున్నాయో ఆ ఇంటి ముసలావిడకు మాటిమాటికీ చెప్పడం నా పనుల్లో ఒకటి.

ఇన్నేళ్ళకు దీన్ని ఎందుకు తవ్వుతున్నానంటే, కోపం వచ్చింది గనుక. మొన్న మా మనవరాలి బడిలో పెద్దవాళ్ళందర్నీ పిలిచి మీటింగు పెట్టారు. ఒకాయన మైకు పట్టుకొని టీవీ అంటే విషమన్నాడు. ఆయన దిగగానే ఒకమ్మాయి ఎక్కి, అదేం కాదు, మంచి కార్యక్రమాలు ఏరి పెట్టండి, కింద అక్షరాలు పడేవి పెట్టండి, పిల్లలకు భాషా చదువూ వాటంతటవే వచ్చేస్తాయి, మీరు హాయిగా మీ పని చూసుకోవచ్చు అంది. మా కోడలు ఆ కార్యక్రమాల పేర్లన్నీ ఫోనులో ఎక్కించుకుంది. ఇంటికి రాగానే, గోడకు బిగించిన మంచమంత టీవీ ముందు నాలుగేళ్ళ నందినిని కూర్చోబెట్టి, చేతిలో బిస్కెట్టు పెట్టి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను పక్కన చేరి "ఏముండాదే ఆడ?" అని అడిగితే, తెర మీది నుంచి చూపు తిప్పకుండా "పాటీ, నీయే పారు" అంది ఆ పిల్ల. నువ్వే చూసుకో అని. తెలుగు ఇంట పుట్టిన పిల్ల అరవంలో కసిరింది. అరవమైతే ఏం, అదీ నా నోటి భాషే. ఆ రెండు మాటలు తప్ప సాయంత్రం దాకా ఇంకో మాట దాని నోట్లోంచి ఊడిపడలేదు, అదీ నా బాధ.

వాటంతటవే వస్తాయట. ఆ మాట అన్న అమ్మాయికి మైకు పట్టుకునే వయసే గాని, చదువు రాకుండా పన్నెండేళ్ళు గడపడం ఎలా ఉంటుందో తెలుసుకునే అవసరం పడలేదు. నాకు పడింది.

మేం వాషర్‌మెన్‌పేట్‌లో ఒక సందులో ఉండేవాళ్ళం. ఒకే గది, ముందు రేకుల పంచ. మా నాయన వ్యాసర్పాడి రైలు యార్డులో మూటలు దించేవాడు. మా అమ్మ పోలమ్మ పాత పేపర్లతో అంగళ్ళకు కవర్లు అంటించేది. ఇద్దరు తమ్ముళ్ళు బడికి పోయారు, పెద్ద ఆడపిల్లను కాబట్టి నేను కవర్లకు కూర్చున్నాను. దాని గురించి మా ఇంట్లో చర్చ కూడా జరగలేదు. మైదా పిండిని మైలుతుత్తం వేసి ఉడికిస్తే వచ్చే పసరు వాసన, ఎండాకాలంలో ఆ పసై, అదే జిగురు, గిన్నె చుట్టూ ముసిరే ఈగలు, గాలి మళ్ళిన రోజు మనలి ఫ్యాక్టరీల వైపు నుంచి కుళ్ళిన గుడ్డు కంపు, పక్క సందులో ఉతికి గంజి పెట్టి ఆరేసిన దుప్పట్ల మీది నుంచి వచ్చే చల్లని తడి గాలి, ఇవన్నీ ఇప్పటికీ ఒకదాని మీద ఒకటి నా ముక్కులోనే ఉన్నాయి. అరవవాళ్ళ ఆడి నెలలో వీధి చివర అమ్మవారికి పెద్ద గంగాళంలో అంబలి కాచి పోసేవాళ్ళు. ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ, కొరుక్కుంటూ, మునగాకు పొరటు నంజుకుంటూ చెంబులకు చెంబులు తాగి, కడుపు బండ అయిపోయి పంచలో పడుకునేవాళ్ళం. మధ్యాహ్నాలు తొక్కుడుబిళ్ళ ఆడేదాన్ని, కాలికి పసై అంటుకొని ఉంటే బిళ్ళ కూడా కాలితో పాటు లేచివచ్చేది, అందరూ దొంగాట అని నన్ను తీసేసేవాళ్ళు.

పొద్దుగూకులూ పేపర్లు నా చేతిలోనే. అరవం పేపర్లు, ఇంగ్లీషు పేపర్లు, ఎప్పుడైనా ఒక తెలుగు పేపరు. రోజుకు వందల కాగితాలు మడిచాను, ఒక్క అక్షరం నాలోకి ఎక్కలేదు. బొమ్మ బయటి వైపుకు వచ్చేలా మడవాలి, అంగడివాళ్ళకు అదే ఇష్టం, నాకు తెలిసింది అంతే. కాబట్టి అక్షరాల మధ్య పిల్లల్ని ఉంచితే చాలు చదువు పట్టుకుంటుందని నాకు ఎవరైనా చెబితే, వాళ్ళను మా పంచలో రెండేళ్ళు కూర్చోబెట్టాలని ఉంటుంది.

మా సందు మొత్తానికి టీవీ ఉన్నది చెంగల్రాయుడు ఇంట్లోనే. ఆయనకు చాకలివాళ్ళకు గంజిపొడి, నీలిమందు అమ్మే కొట్టు ఉండేది, ఆయన గోళ్ళ సందుల్లో ఎప్పుడూ నీలం. ఆ టీవీకి కొయ్య తలుపులు, తలుపులకు తాళం. ఆదివారం సాయంత్రం అరవ సినిమా వేస్తారు. చూడాలంటే ఒక్కో పిల్లా వీధి పంపు దగ్గర కొట్టి, ఒక బిందె నీళ్ళు తెచ్చి ఆ ఇంటి డ్రమ్ములో పోయాలి. అది ఆ ఇంటి చట్టం. నీళ్ళకు కటకటలాడే ఊరు, వాళ్ళకు వారానికి సరిపడా నీళ్ళు సినిమాతోనే నిండేవి. నీళ్ళు పోసినవాళ్ళకు కూడా చోటు కిటికీ బయటే. కిటికీ ఊచల మీద పిల్లలు గబ్బిలాల్లా వేలాడేవాళ్ళు. లోపల నేల మీద కూర్చునే భాగ్యం నా ఒక్కదానికే, అదీ జాలితో ఇచ్చింది కాదు.

చెంగల్రాయుడి తల్లి రాజమ్మవ్వకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆపరేషన్ అంటే కన్ను పీకేస్తారని భయం. వెలుగూ నీడా తప్ప ఏమీ కనిపించేది కాదు, కానీ సినిమా మీద ఆశ చావలేదు. వయసులో ఉండగా అరవం, తెలుగు రెండూ గడగడా చదివిన మనిషి. తెర మీద ఏం జరుగుతోందో చెప్పమని కోడల్ని అడిగింది. కోడలు సరోజ కార్పొరేషన్ బడిలో టీచరు. "వారమంతా బళ్ళో అరిచేది చాలదా అత్తా, ఆదివారం మీకు గూడా అరవాలా" అంది. ఆ మాటను అవ్వ చచ్చేదాకా మరిచిపోలేదు. మర్నాడే కవర్లు ఇవ్వడానికి వెళ్ళిన నన్ను పట్టుకుంది.

"కండ్లు బాగా కనిపిస్తాయా నీకు?"

"కనిపిస్తాయవ్వా."

"అయితే ఆదివారం వచ్చి నా కాళ్ళకాడ కూచో. నీళ్ళు తేవద్దులే."

ఆ కాళ్ళకాడ ఏడాది పైగా కూర్చున్నాను. ముద్దుగా ఒక్క మాట వినలేదు. "ఆయన వచ్చినాడు, ఆమె ఏడస్తా ఉంది" అని చెబితే అవ్వ మోకాలితో నా వీపు మీద పొడిచేది. "ఏడస్తా ఉందంటే ఎట్టనే? కొంగు నోటికి అడ్డం పెట్టుకోనా, గోడకి తల ఆనిచ్చా? కండ్లు నీకిచ్చి చదువు నాకిచ్చినాడు ఆ దేవుడు, ఇంత తెలివితక్కువ పంపకం యాడన్నా ఉంటిందా" అనేది. తెరలో మాట అరవం, నేను చెప్పాల్సింది తెలుగులో, అదీ తెరలో తరవాతి మాట పడేలోపల. నాకు మాట దొరకక నోరు తెరుచుకొని ఉండిపోతే, ఆ మాటను నా మొహాన విసిరికొట్టినట్టు చెప్పేది. వెనకాడటం, తడబడటం, ఓరగా చూడటం, దిగులు పడటం, ఈ తేడాలన్నీ నాకు ఆ మోకాలి పోట్లతోనే తెలిశాయి. అంతకుముందు నా భాషలో మనుషులు నవ్వేవాళ్ళు, ఏడ్చేవాళ్ళు, కొట్టేవాళ్ళు, అంతే.

అక్షరాలు కూడా అలాగే. సినిమా మొదట్లో పేర్లు పడతాయి, ఎవరెవరు వేశారో అవ్వకు తెలియాలి. నాకు చదవడం రాదు. "రాకపోతే ఆకారం చెప్పవే" అని గదమాయించింది. మూత లేని పెట్టె మాదిరి ఒకటి ఉండాదవ్వా అంటే, అది ప అనేది. గోడ మూల మాదిరి అంటే ట. నెత్తిన చుక్క ఉంటే పొల్లు. చుట్లు చుట్లుగా మురుకు మాదిరి అంటే, ఎన్ని చుట్లే, సరిగ్గా లెక్కబెట్టి ఏడువు అనేది. కానీ పేర్లు నిలబడవు, నేను రెండో ఆకారం చెప్పేలోపల తెర మారిపోతుంది, అవ్వ తిట్లు మొదలవుతాయి.

ఆ టీవీలో నిలబడి ఉండేది ఒకే ఒక్కటి. ఎక్కడో తీగ తెగి బొమ్మ ఆగిపోతే ఒక అట్ట పెట్టేవాళ్ళు: తడంగలుక్కు వరుందుగిరోం. అంతరాయానికి చింతిస్తున్నాం అని. కిటికీలో పిల్లలంతా ఆ అట్ట రాగానే ఊరు మొత్తం వినపడేలా ఉసూరుమనేవాళ్ళు. నాకు మాత్రం అది వస్తే పండగ. ఐదు నిమిషాలు, పది నిమిషాలు, కదలకుండా అలాగే ఉంటుంది. ఒక్కో ఆకారం చెప్పి, ఒక్కో శబ్దం తీసుకొని, వేలితో గచ్చు మీద గీసి, ఆ రెండు మాటల్లోని అక్షరాలన్నీ తీసుకున్నాను. సినిమా నడిచేటప్పుడు మాటలు, ఆగిపోయినప్పుడు అక్షరాలు. ఆ తరవాత సోమవారం నుంచి శనివారం దాకా కవర్ల పేపర్లలో వాటిని వెతుక్కున్నాను. బొమ్మను లోపలికి మడిచి, పెద్ద అక్షరాలు బయటికి పెట్టి, మా అమ్మ చేత మొట్టికాయలు తిన్నాను.

ఇక ఆ ఆదివారం. జూన్‌లో బడులు తెరుస్తారు. నాకు పన్నెండేళ్ళు, ఒకటో తరగతిలో వేయరు. నాలుగులో చేర్చుకోవాలంటే చదవడం వచ్చని సరోజ టీచరు హెడ్మాస్టరుకు చెప్పాలి. ఆ ఏడు తప్పితే ఇంక లేదు, నన్ను కొరుక్కుపేటలో ఒక ఇంట్లో పనికి పెట్టడానికి మా నాయన మాట ఇచ్చేశాడు. మా అమ్మకు అది ఇష్టం లేదు. ఇష్టం లేదని నాయనతో చెప్పే ధైర్యం లేదు. అందుకని ఆ రోజు తను కూడా ఒక బిందె నీళ్ళు మోసుకొచ్చి, డ్రమ్ములో పోసి, గడప అవతల నిలబడి, సినిమా మధ్యలో అట్ట పడిన సమయం చూసి టీచరును అడిగింది.

"టీచరమ్మా, మా మస్తానమ్మని బళ్ళో ఏసుకోండమ్మా. అచ్చరాలు వచ్చినాయంట దానికి."

సరోజ టీచరు తల దువ్వుకుంటోంది. దువ్వెన ఆపలేదు. "పేపర్లు అంటించే పిల్లకి చదువు యాడినించి వస్తింది పోలమ్మా" అంది.

"నేను నేర్పినా" అంది అవ్వ. అది నా మీద ప్రేమతో అన్న మాట అనుకుంటే పొరబాటు. కోడలు ముప్పై మంది పిల్లలకు నేర్పలేనిది గుడ్డిది ఒక్కతే నేర్పిందని అనిపించుకోవాలి, అంతే. "ఒసే మస్తానా, ఆ అట్ట మీద ఏముండాదో చదువు."

చదివాను. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టినట్టు, తప్పు లేకుండా.

సరోజ టీచరు నవ్వింది. "బాగుంది అత్తా మీ బడి. ఇది ఈ వీధిలో కుక్కలకి గూడా నోటికొచ్చు."

కిటికీలో పిల్లలు కేకలు పెట్టి నవ్వారు, ఒకడు కుక్కలా మొరిగాడు. ఆమె అన్నది నిజమే, అదే నన్ను చంపింది. ఆ మాటలు అందరికీ కంఠతా వచ్చు. నేను ఏడాది పాటు తిట్లు తిని కూడబెట్టుకున్న ఒకే ఒక్క వాక్యం నాకు చదవడం వచ్చిందని రుజువు చేయలేని వాక్యం. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గచ్చు వైపు చూస్తూ కూర్చున్నాను. మా అమ్మ ఖాళీ బిందె ఎత్తి చంకన పెట్టుకుంది.

అప్పుడు బొమ్మ వచ్చింది. సినిమా కాదు. తప్పిపోయినవాళ్ళ గురించి వేసే ప్రకటన. ఒక ఫొటో, పక్కన నాలుగు వరసల రాత. మామూలుగా ఒక మనిషి గొంతు అదంతా చదివి వినిపిస్తుంది. ఆ రోజు బొమ్మ వచ్చింది గాని సౌండు రాలేదు. చెంగల్రాయుడు లేచి మీటలు తిప్పాడు, పెట్టె నెత్తిన ఒక దెబ్బ వేశాడు, ఏమీ లాభం లేదు. గదిలో ఫ్యాను తిరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఏమొచ్చిందే?" అంది అవ్వ.

"ఎవురో తప్పిపోయినారవ్వా. ఫొటో ఉంది."

"పేరేందో చదువు."

"అత్తా, మీరు అందించకూడదు" అంది సరోజ టీచరు. దువ్వెన పక్కన పెట్టింది.

చదివాను. అది చదవడం అనాలో, గుట్ట ఎక్కడం అనాలో. మ, ల్, లి, కా. మల్లికా. ఒక్కో వరస అరవంలో కూడబలుక్కోవడం, అలవాటు కొద్దీ అవ్వకు తెలుగులో చెప్పడం. వయసు పన్నెండు. రంగు నలుపు. తప్పిపోయిన నాటికి వేసుకున్నది నీలం, అక్కడ ఆగిపోయాను. పా తెలుసు, వా తెలుసు. ఆ తరవాతి గుర్తు అవ్వ నాకు ఎప్పుడూ చెప్పలేదు, ఆ ఆకారం మాకు ఇంతవరకూ తగల్లేదు. ఆకారం చెబితే అవ్వ చెప్పేస్తుంది, కానీ చెప్పకూడదు. ప్రకటన ఏ క్షణాన తీసేస్తారో తెలియదు. ఆ ఫొటో వైపు చూశాను. నా ఈడు పిల్ల, నాలాగే రెండు జడలు. పన్నెండేళ్ళ పిల్ల ఒంటిమీద నీలంగా ఏముంటుంది.

"పావడ. నీలం పావడ కట్టుకోని ఉండాదవ్వా" అన్నాను.

మరుక్షణం సౌండు వచ్చింది. ఆ గొంతు చివరి వరస చదువుతోంది, నీలం పావడ అన్నది. కిటికీలో ఒక్కరూ నవ్వలేదు. అప్పటికి టైంపీసు ఆరు గంటల ఇరవై నిమిషాలు చూపిస్తోంది, అవ్వ అడగకపోయినా చెప్పాను.

సరోజ టీచరు మెచ్చుకోలేదు. గడప వైపు తిరిగి, "జూన్ మొదటి వారంలో పిల్చుకోని రా" అంది, మళ్ళీ దువ్వెన తీసుకుంది. అవ్వ మాత్రం "ఆదివారాలు నావి, అవి బడికి ఇయ్యను" అంది.

నాలుగో తరగతిలో నాకంటే మూడేళ్ళు చిన్నవాళ్ళ మధ్య కూర్చున్నాను, ఎనిమిది దాకా చదివాను, ఒక అచ్చాపీసులో కాగితాలు సరిచూసే పని దాకా వెళ్ళాను. ఆ మేలుకు టీచరమ్మకు దండం పెట్టానా అంటే పెట్టలేదు. తన కూతుర్ని బళ్ళో వేసేటప్పుడు ఎవరి ముందూ పరీక్ష పెట్టలేదు ఆమె. ఇంటి భాష అక్షరాలు నాకు ఇంకా ఆలస్యంగా, ముప్పై ఎనిమిదో ఏట వచ్చాయి, కేబుల్ టీవీలో తెలుగు వార్తల కింద పాకే వరస చూసి. అప్పుడు పక్కన మోకాలితో పొడిచేవాళ్ళు లేరు. ఒక అక్షరం తెలియకపోతే మా ఆయన్ను నిద్రలేపి అడిగేదాన్ని, ఆయన తిట్టుకుంటూ చెప్పేవాడు.

అంచేత టీవీని విషమన్నాయనతో నాకు పొత్తు లేదు. ఆ పెట్టె లేకపోతే నేను కొరుక్కుపేటలో గిన్నెలు తోముతూ ముసలిదాన్నయ్యేదాన్ని. కానీ అది దానంతటదే నేర్పుతుందన్న అమ్మాయి మీద కోపం ఇంకా ఎక్కువ. కిటికీలో ఇరవై మంది పిల్లలు నేను చూసిందే చూశారు, విన్నదే విన్నారు. వాళ్ళలో ఒక్కరికీ ఆ పెట్టె చూసి అక్షరం రాలేదు. వాళ్ళను అడిగే నాథుడు లేడు. చూసింది తిరిగి చెప్పమని, చెప్పింది చాలదని, ఇంకా సరిగ్గా చెప్పమని వెంటపడే మనిషి కావాలి. అలాంటి మనిషికి ఓపిక ఉండనక్కర్లేదు, మంచితనం కూడా ఉండనక్కర్లేదు. పక్కన ఉండాలి.

ఇప్పుడు ఆ ఇల్లు నైటీల గోడౌను. వీధి పంపును పెరికేసి సిమెంటు పూశారు. టీవీలకు తలుపులు లేవు, తాళాలు లేవు. తీగ తెగదు, బొమ్మ ఆగదు, ఏదీ ఒక నిమిషం నిలబడదు. ఆ పెట్టెలు పోయినందుకు నాకు బెంగ లేదు, పోవలసినవే పోయాయి. మనుషుల పేర్లు పోకూడదని రాస్తున్నాను.

ఆ ఆదివారం అక్కడ ఉన్నది వీళ్ళు. కుర్చీలో రాజమ్మవ్వ, నేను ఆరో తరగతిలో ఉండగా పోయింది, చివరిదాకా కన్ను చూపించుకోలేదు. మీటల దగ్గర ఆమె కొడుకు చెంగల్రాయుడు. అద్దం ముందు కోడలు సరోజ టీచరు, ఆమె పక్కన కూతురు పద్మ. కిటికీ ఊచలకు మా తమ్ముళ్ళు మునెయ్య, చిన్నబ్బాయి, చాకలి గంగన్న కూతుళ్ళు ముగ్గురు, మేరీ, దేవదాసు, మొరిగిన ఏలుమలై, నేను పేర్లు మరిచిపోయిన మరికొందరు. తెర మీద మల్లిక. దొరికిందో లేదో ఎవరూ చెప్పలేదు. నేల మీద నేను, మస్తానమ్మను. గడప అవతల ఖాళీ బిందెతో మా అమ్మ పోలమ్మ. లోపలికి రమ్మని ఆమెను ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.